నల్లోడి పద్నాలుగుమంది పెద్దలు

జూన్ 9

వదినగారికి నమస్కారాలతో,

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మొన్నటిదాకా ఇద్దరమే. ఆదివారం నుంచి ముగ్గురం. మూడోవాడు నల్లగా, నాలుగు కాళ్ళతో ఉంటాడు. ప్రస్తుతం నా చెప్పు నములుతున్నాడు.

ఫోను చేద్దామనుకున్నాను. మీ చెవి మిషను ఫోను దగ్గరికి రాగానే కీచుమంటుందనీ, వినబడని సగం మీరే అల్లుకుంటారనీ మీ తమ్ముడన్నారు. అందుకే ఈ ఉత్తరం.

మీ తమ్ముడికి దవడ పన్ను పోటు పెట్టింది. వెళ్ళి పీకించుకు రండి అన్నాను. మా వీధి చివర పళ్ళ డాక్టరు ఉన్నారు కదా, మీ కుక్కల సంఘానికి ఈ ఊరి శాఖ అధ్యక్షుడు కూడా ఆయనేనట, అక్కడికి వెళ్ళారు. గది నిండా బహుమతి కప్పులూ, కుక్కల ఫొటోలూ. నోట్లో పట్టకారు పెట్టి డాక్టరుగారు లాబ్రడార్ల వంశచరిత్ర చెప్పుకొచ్చారట. నోరు తెరిచి కూర్చున్న మనిషి వద్దని ఎలా అంటాడు? పన్ను వదిలించుకోవడానికి వెళ్ళి కుక్కని తగిలించుకొచ్చారు.

తెచ్చుకోవడానికి ఇద్దరం వెళ్ళాం. వెనక గదిలో తల్లి పడుకుని ఉంది. ఐదు పిల్లలు పాలు తాగుతున్నాయి. వాటిలో ఒకటి నాకు నచ్చింది. "అవన్నీ వేరేవాళ్ళవమ్మా, మీది వస్తోంది" అన్నారు డాక్టరు. వస్తోందంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. మేం కాఫీ తాగుతుండగా ఆయన డ్రైవరు కారు డిక్కీలోంచి ఒక బుట్ట దింపాడు. అందులో ఉన్నాడు మనవాడు. తల్లి దగ్గర పెడితే అది వాసన చూసి మొహం తిప్పుకుంది. అదేమిటండీ అన్నాను. "టీకాకి పంపాం, మందు వాసన" అన్నారు. పెద్దమనుషుల్ని అలా నిలదీస్తారా అని మీ తమ్ముడు నా మోచెయ్యి గిల్లారు.

కాగితంలో వాడి పేరు 'గోల్డెన్ క్రౌన్స్ మిడ్‌నైట్ ఎంపరర్' అట. ఆ పేరు పూర్తిగా పిలిచేలోపు వాడు వీధి దాటిపోతాడు. నేను 'నల్లోడా' అంటున్నాను, వస్తున్నాడు.

ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ముప్పై ఏళ్ళుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకుంటూ, ఇంట్లో ఏముందో ఏం లేదో కూడా పట్టని మనిషికి ఈ పిచ్చి ఎవరు ఎక్కించారు? మీ సంఘం రూల్సు పుస్తకం ఆయన దిండు కింద ఉంది. దాని మీద మీ ఆఫీసు ముద్ర ఉంది. ఇంతకంటే నేనేమీ అనను.

సర్టిఫికెట్ మీ చేతి మీదుగానే రావాలట. త్వరగా పంపించండి. అది వస్తే తప్ప ఈయనకి ముద్ద దిగేలా లేదు.

మీ మరదలు

జూన్ 21

మరదలికి ఆశీస్సులు.

ముందు నేరారోపణకి జవాబు. పుస్తకం నేనే పంపాను. వాడు అడిగాడు, పంపాను. నీ బ్యూటీ పార్లర్‌కి వచ్చే ఆడవాళ్ళ ముందు గొప్పగా ఉంటుందని నువ్వే కుక్క కావాలన్నావేమో అనుకున్నాను. వాడికి సొంతంగా ఒక కోరిక పుట్టడం నేనెప్పుడూ చూడలేదు మరి.

ఇరవై నాలుగేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నదాన్ని. నీకు తెలియని సంగతులు నాలుగు చెబుతాను, విను. మగకుక్క యజమానీ ఆడకుక్క యజమానీ కలిసి, ఫలానా రోజున రెండింటినీ జత కట్టించామని సంతకాలు చేసి పంపాలి. పిల్లలు పుట్టాక మగవెన్ని, ఆడవెన్ని, ఏ రంగు, మెడ దగ్గర చర్మం కింద పెట్టిన చిప్పు నంబరెంత, అన్నీ ఇంకో ఫారంలో నింపి పంపాలి. నేను రికార్డు తీసి మూడు తరాల పేర్లు ఎక్కించి ముద్ర కొడతాను. తల్లీ తండ్రీ ఇద్దరు, వాళ్ళ వెనక నలుగురు, ఆ వెనక ఎనిమిది. వెరసి పద్నాలుగుమంది పెద్దలు. ఇంతలో ఒక్క కుక్కనైనా నేను చూడను. సంఘంలో ఎవరూ చూడరు. పెద్దమనిషి సంతకం ఉంటే అది పుట్టినట్టే. సంతకం లేకపోతే నా బల్ల ముందు నిలబడి మొరిగినా పుట్టనట్టే.

మీవాడి సర్టిఫికెట్ సోమవారం పంపించాను. ఆ కాన్పులో తొమ్మిది పిల్లలని డాక్టరుగారి ఫారంలో ఉంది. నువ్వేమో ఐదంటున్నావు. తల్లి దగ్గర పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటాయి, లెక్క తేలదు. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళు.

పన్ను పీకిన చోట ఉప్పునీళ్ళతో పుక్కిలించమని వాడితో చెప్పు. చెప్పకపోతే చెయ్యడు, చెప్పినా చెయ్యడు. అయినా చెప్పు.

వదిన

డిసెంబరు 14

వదినగారికి,

ఆరు నెలలుగా రాయలేదంటే కారణం కళ్ళజోడే. రోజుకి ఇరవైమంది కనుబొమ్మల్లో పనికిరాని వెంట్రుక ఏదో, ఉంచాల్సిన వెంట్రుక ఏదో చూసి లాగేదాన్ని నేను. ఐదుకీ తొమ్మిదికీ తేడా తెలియదా నాకు? పోనీలెండి. ఆఫీసు కాగితంలో తొమ్మిదుంటే తొమ్మిదే.

మొన్న ఆదివారం నల్లోడి మొదటి ప్రదర్శన అయింది. నెల రోజులు ఇంట్లో తాలీము. ఈ గోడ నుంచి ఆ గోడకి మీ తమ్ముడు తాడు పట్టుకుని పరుగు. నేను జడ్జీనట, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడాలట. పొయ్యి మీద పాలు పొంగుతున్నా జడ్జీ కదలకూడదట.

బంతాట మైదానంలో తాళ్ళు కట్టారు. ఒక్కో జాతికి ఒక్కో వరస. గుంపులో ఉన్నవాళ్ళలో కుక్కలే మర్యాదగా ఉన్నాయి. మా పక్కావిడ తన కుక్క చెవులు దువ్వుతూ, ఎదుటి కుక్కకి నడుం బాగాలేదని దాని యజమానికి వినబడేలా అంటోంది. ఆ యజమాని ఆవిడ నడుం వంక చూసి నవ్వాడు. నేను మధ్యలోంచి తప్పుకున్నాను.

మీ తమ్ముడు మా పెళ్ళినాటి కోటు వేసుకున్నారు. బొత్తాం పట్టలేదు. జడ్జీగారు నల్లోడి పెదవి ఎత్తి పళ్ళు లెక్కపెట్టారు. వీపు తడిమారు, తోక నిమిరారు, చెప్పకూడని చోట కూడా చెయ్యిపెట్టి రెండూ ఉన్నాయని నిర్ధారించుకున్నారు. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మీవాళ్ళు కూడా ఇంత పరీక్షగా చూడలేదు. తర్వాత ఒక చుట్టు పరుగెత్తించారు. నల్లోడు నడిచాడు, మీ తమ్ముడే పరుగెత్తారు.

పిల్లకుక్కల విభాగంలో మొదటి బహుమతి! మైకులో జడ్జీగారు ఏమన్నారో విన్నారా? "ఈ మొహం చూడండి, తరతరాల శుద్ధమైన రక్తం కనిపిస్తోంది" అన్నారు. పళ్ళ డాక్టరు ముందు వరసలో కూర్చుని, ఆ రక్తమేదో తనదే అయినట్టు తల ఊపారు.

అప్పటినుంచి నల్లోడికి కష్టాలు మొదలయ్యాయి. మట్టిలో దొర్లకూడదు, మెట్లు దూకకూడదు, బంతి పట్టుకుంటే పన్ను అరుగుతుందట. వాడు కిటికీ దగ్గర కూర్చుని వీధి కుక్కల వంక చూస్తూ నిట్టూరుస్తాడు. నేను పార్లర్ వెనక గుమ్మం తీసి పది నిమిషాలు వదిలిపెడుతున్నాను. ఈ ముక్క మీ దగ్గరే ఉంచండి.

మరదలు

జనవరి 5

మరదలా,

నవ్వీ నవ్వీ చెవి మిషను ఊడి కింద పడింది. కనుబొమ్మల సంగతికి తప్పొప్పుకుంటున్నాను.

తరతరాల రక్తం అన్న ఆ జడ్జీ ఎవరో తెలుసా? మీ పళ్ళ డాక్టరుకి ప్రాణస్నేహితుడు. ఈ నెల ఆయన కుక్కకి ఈయన జడ్జీ, వచ్చే నెల ఈయన కుక్కకి ఆయన జడ్జీ. లాబ్రడార్ తోక ఆటర్ అనే నీటిపిల్లి తోకలా ఉండాలనీ, చూపులో దయ ఉండాలనీ మా పుస్తకంలో రాసి ఉంది. వీళ్ళలో నీటిపిల్లిని చూసినవాడు ఒక్కడూ లేడు. దయ సంగతి నేను చెప్పను.

పెద్ద కుక్కల విభాగంలో మూడు చోట్ల మూడు సర్టిఫికెట్లు గెలిస్తే ఛాంపియన్ అంటారు. ఆ బిరుదు ఇచ్చే ముందు చెంప లోపల దూదిపుల్లతో తుడిచి ల్యాబుకి పంపి, తల్లిదండ్రులతో సరిపోల్చి చూస్తారు. ఈ ఒక్క రూలు కొత్తది, మంచిది.

వాడు నాకు రెండు ముక్కలు రాస్తే వేళ్ళు అరుగుతాయా? అన్నీ నీ చేతే రాయిస్తున్నాడు. తమ్ముడి కుక్క గెలిచిందని ఆఫీసులో నలుగురికీ చెప్పుకున్నాను. గొప్పగానే చెప్పుకున్నాను.

వదిన

ఆగస్టు 20

వదినగారికి,

ఛాంపియన్ ఇంటి నుంచి రాస్తున్నాను. మూడోదీ గెలిచాడు.

మూడో ప్రదర్శన ముందు రోజు ఏం జరిగిందో ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే చెబుతాను. వేశారు కదా. నల్లోడి వెనక కాలి వేళ్ళ మధ్య నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. మీ తమ్ముడు భూతద్దం పెట్టి కనిపెట్టారు. ప్రూఫుల కళ్ళు కదా. పాదం మీద తెలుపు ఉంటే మార్కులు పోతాయట. మర్నాడు పార్లర్ తీస్తే నల్లరంగు డబ్బా మూత తీసి ఉంది, బ్రష్షు తడిగా ఉంది, తువ్వాలు మీద కుక్క పాదాల గుర్తులున్నాయి. నెరిసిన తలకి రంగేసుకోండి మహాప్రభో అని పదేళ్ళుగా బతిమాలితే ఒప్పుకోని మనిషి, కుక్క కాలికి నాకు తెలియకుండా వేశారు. అడిగితే, "అది అచ్చుతప్పు దిద్దడం లాంటిది" అన్నారు.

చెంప తుడిచి పుల్ల పంపించారు. ఇక కాగితం రావడమే తరువాయి. ఇంటి ముందు బోర్డు పెట్టించాలని ఆలోచిస్తున్నారు. బోర్డు మీద కుక్క పేరు పెద్ద అక్షరాల్లో, ఆయన పేరు చిన్న అక్షరాల్లో. నా పేరు ఎక్కడన్నాను. "నీకు పార్లర్ బోర్డు ఉంది కదా" అన్నారు.

అయినా వదినగారూ, ఆ మనిషి ఇంత సంబరంగా ఉండటం నేను పెళ్ళయ్యాక చూడలేదు. భోజనం దగ్గర పాట కూడా పాడుతున్నారు. మీరు పంపిన పుస్తకమే కారణమైతే, పాత నేరారోపణ వెనక్కి తీసుకుంటున్నాను.

మరదలు

సెప్టెంబరు 12

మరదలికి,

ల్యాబు నుంచి కవరు వచ్చింది. ఇంతకంటే రాయడానికి వీల్లేదు.

నేను చెప్పేదాకా కుక్క సంగతి ఏదీ నాకు రాయవద్దు, ఫోను చెయ్యవద్దు. తమ్ముణ్ణి కూడా రానివ్వకు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒకచోట పెట్టండి, ఎవరు అడిగినా ఇవ్వకండి.

పోయిన ఏడాది జూన్‌లో నువ్వు రాసిన ఉత్తరం కవరుతో సహా నా దగ్గర ఉంది.

వదిన

అక్టోబరు 6

గౌరవనీయులైన వదినగారికి,

రాయవద్దన్నారు. రాస్తున్నాను. ఇదే ఆఖరిది.

పోయిన వారం మీ సంఘం నుంచి నోటీసు వచ్చింది. కుక్క పుట్టుక అబద్ధమట, మీ తమ్ముడు విచారణకి హాజరు కావాలట. రెండో పేరాలో ఏముందో చదివి వినిపిస్తాను. 'యజమాని భార్య తన ఆడపడుచుకు రాసిన ఉత్తరము ఆధారముగా, అనుబంధము మూడు.' వదినగారూ, నేను అనుబంధము మూడా? మీకని రాసిన ఉత్తరానికి రంధ్రం పొడిచి ఫైలుకి దారం కట్టేశారా? చెప్పు నమిలిన సంగతి, గిల్లిన సంగతి, చాటుగా చెప్పిన రంగు డబ్బా సంగతి కూడా ఆ కమిటీలో ఐదుగురు పెద్దమనుషులు చదివి నవ్వుకున్నారన్నమాట.

పళ్ళ డాక్టరు స్వయంగా ప్రెస్సుకి వచ్చారట. "నాకేం తెలియదండీ, ఇదంతా మీ అక్కగారి పనే. మీరు ఛాంపియన్ అవుతుంటే ఓర్వలేకపోయింది" అని అందరి ముందూ అని వెళ్ళారట. మీ తమ్ముడు ఇంటికొచ్చి కోటు మడత పెట్టి పెట్టె అడుగున దాచారు. పాట లేదు. నిన్న ప్రెస్సులో ఆయన చూసిన పెళ్ళి కార్డులో వరుడి పేరు రెండుసార్లు పడింది, వధువు పేరే లేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి యజమాని కేకలేశారట.

పార్లర్‌కి కూడా నలుగురు రావడం మానేశారు. అందరూ డాక్టరు భార్య స్నేహితులే. వాళ్ళ కనుబొమ్మలు అడవిలా పెరగనీండి, నాకేం. మా ఇంటి మాట మా ఇంటివాళ్ళే వీధిలో పెట్టారన్నదే మింగుడు పడటంలేదు.

రూలు పుస్తకం ఈ కవరులో పెట్టాను. మీ ఆఫీసుది మీకే.

మరదలు, అనుబంధము మూడు

అక్టోబరు 19

మరదలా,

విచారణ శుక్రవారంతో ముగిసింది. ఇప్పుడు నోరు విప్పవచ్చు. కోపం పక్కన పెట్టి చివరిదాకా చదువు.

ల్యాబు కాగితం ప్రకారం నల్లోడికి ఆ తల్లితో గానీ ఆ తండ్రితో గానీ ఏ సంబంధమూ లేదు. వెంటనే డాక్టరుని సంజాయిషీ అడిగారు. ఆయన ఏం రాసిచ్చాడో తెలుసా? 'నేను ఇచ్చినది అసలు పిల్ల. యజమాని ఇంటికి తీసుకెళ్ళి వేరే కుక్కతో మార్చాడు. ఆయన అక్క మా ఆఫీసులోనే ఉంది గనుక ఇద్దరూ కలిసి చేశారు.' అది రుజువైతే తమ్ముడు జన్మలో ప్రదర్శనల గడప తొక్కకూడదు, పేపర్లో పేరు వేస్తారు. నన్ను ఉద్యోగంలోంచి గెంటేస్తారు. ఇంకో ఏడాదిలో రిటైరు కావలసినదాన్ని.

గొడవ ఏదీ రాకముందే, పిల్లని తెచ్చిన రెండు రోజులకే, తపాలా ముద్రతో సహా సాక్ష్యం చెప్పగలిగింది ఒక్కటే ఉంది. ఐదు పిల్లలు, డిక్కీలో బుట్ట, మొహం తిప్పుకున్న తల్లి. నీ ఉత్తరంలో ఆ రెండో కాగితం ఒక్కటే ఫైల్లో పెట్టాను. చెప్పు నమిలిన మొదటి కాగితం నా బీరువాలో ఉంది. రంగు డబ్బా ఉత్తరాన్ని చింపి పారేశాను. ముందే నీకు చెబితే ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు. అందుకే ఆ ముక్తసరి ఉత్తరం. అది రాయడానికి నాకు మూడు కాగితాలు పట్టాయి.

తమ్ముడి మీద ఆరోపణ కొట్టేశారు. డాక్టరు మీద? వినిపెట్టు. ఐదుగురు కమిటీలో ముగ్గురి ఇళ్ళలో ఆయన అమ్మిన కుక్కలున్నాయి. ఆయన అన్నాడూ, 'నమ్మకం కొద్దీ ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి పంపాను. ఐదని ఫోనులో చెప్పాను. గుమాస్తాకి చెవుడు, తొమ్మిదని రాసుకుంది.' కమిటీ తల ఊపింది. అంటే తొమ్మిది చిప్పు నంబర్లు, ఒక్కోటి పదిహేను అంకెలు, నేను చెవుడుతో విన్నానన్నమాట! తీర్పు: గుమాస్తా పొరపాటు. నన్ను కుర్చీలోంచి లేపి, నేలమాళిగలో కప్పులు తుడిచే గదికి పంపారు.

నల్లోడి సర్టిఫికెట్, గెలుపులు రద్దు. పుట్టుక తెలియని కుక్కని ఇద్దరు జడ్జీలు చూసి, రూపంలో జాతికి సరిపోతుందంటే కొత్తగా నమోదు చేసే పద్ధతి ఒకటుంది. దాన్ని వాడుకోమని తమ్ముడికి దయతో సలహా ఇచ్చారు. మీ ఊళ్ళో ఆ ఇద్దరు జడ్జీల్లో ఒకరు ఎవరనుకున్నావు? పళ్ళ డాక్టరే. వెళ్ళవద్దని చెప్పు.

విచారణ రోజు తమ్ముడు నా వంక చూడలేదు. నేను వాణ్ణి దొంగ అనుకున్నాననుకున్నాడేమో. వాడికి నా మీద ఎంత కోపముందో ఒక్క ముక్క రాయి, భరిస్తాను.

వదిన

నవంబరు 29

వదినగారికి వేల నమస్కారాలు.

నా కిందటి ఉత్తరం చింపెయ్యండి. ఏది చింపాలో ఏది దాచాలో మీకు బాగా తెలుసు.

మీ ఉత్తరం మీ తమ్ముడికి చదివి వినిపిస్తుంటే, ఇటివ్వమని తీసుకుని ఆయనే చదువుకున్నారు. చేతిలో ఎర్ర కలం ఉంది. రెండుసార్లు చదివి, 'ఖాళీ ఫారం' అన్న మాట కింద గీత గీశారు. "ఆ తనిఖీకి దరఖాస్తు పెడతాను" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. సిగ్గు లేదా, అక్కని నేలమాళిగలోకి తోసినవాడి ముందు మళ్ళీ తాడు పట్టుకుని పరుగెడతారా అని నోటికొచ్చినన్ని అన్నాను. ఆయన కోటు ఇస్త్రీ చేసుకుంటూ కూర్చున్నారు.

నిన్న ఆదివారం. అదే మైదానం. డాక్టరు బల్ల వెనక కూర్చున్నారు, పక్కన వేరే ఊరి నుంచి వచ్చిన జడ్జీ, ఒక పెద్దావిడ. మమ్మల్ని చూసి డాక్టరు లేచి మరీ చెయ్యి కలిపారు. "జరిగిందేదో జరిగింది, మనమంతా ఒక కుటుంబం" అన్నారు. నల్లోణ్ణి చూశారు. తోక బాగుందన్నారు, తల బాగుందన్నారు. బాగోలేదంటే అమ్మిందెవరు అని అడుగుతారు కదా. పెద్దావిడ కూడా సరేనన్నారు. డాక్టరు సంతకం పెట్టి కాగితాలు మీ తమ్ముడి చేతికిచ్చారు.

మీ తమ్ముడు కళ్ళజోడు సవరించుకుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టారు. వెనక పదిమంది కుక్కలతో నిలబడి ఉన్నారు. ఈయన కదలరు.

"డాక్టరుగారూ, ఇక్కడ ఒక గడి ఖాళీగా ఉందండీ."

"ఏం ఫర్వాలేదు, ఆఫీసువాళ్ళు నింపుకుంటారు."

"ఆఫీసువాళ్ళు నింపితేనే కదండీ ఐదు తొమ్మిదయింది. మళ్ళీ మీకు చెడ్డపేరు ఎందుకు? మీ చేత్తో మీరే రాసేస్తే ఏ గొడవా ఉండదు."

పెద్దావిడ నవ్వి, "ఆయన చెప్పింది నిజమే, ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టను" అన్నారు. డాక్టరు విసుగ్గా కలం తీశారు. 'జంతువు ఎక్కడి నుంచి లభించినది?' అని ఉంది. ఆయన రాశారు. 'బయట నుంచి తెప్పించి నేను వీరికి అమ్మినది.' కింద గడిలో 'తల్లి తెలియదు, తండ్రి తెలియదు.'

"తేదీ కూడా వెయ్యండి" అన్నారు మీ తమ్ముడు. "ఏ తేదీన అమ్మారో అది."

తేదీ వేశారు వదినగారూ! పోయిన ఏడాది జూన్ ఏడు. పద్నాలుగుమంది పెద్దల సర్టిఫికెట్‌కి తానే సంతకం పెట్టిన కుక్క అది. వెనక ఎవరో తొందర పెడుతుంటే ఆ ధ్యాసలో చకచకా రాసేశారు. పెద్దావిడ సాక్షి సంతకం చేశారు. మీ తమ్ముడు మళ్ళీ ఒకసారి మొత్తం చదివి, "తప్పుల్లేవు" అని మడత పెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. అప్పటికి గానీ డాక్టరు మొహం మారలేదు. "ఒకసారి ఇలా ఇవ్వండి, చిన్న సవరణ" అన్నారు. "ముద్రణకి వెళ్ళిపోయిందండీ" అన్నారు ఈయన.

నేను ఈ మనిషితో ఇరవై ఆరేళ్ళుగా కాపురం చేస్తున్నాను. మైదానం మధ్యలో నిలబడి, మొదటిసారి చూసినట్టు చూశాను.

ఆ ఫారానికి మూడు ప్రతులు. యజమాని ప్రతి ఇందులో పెట్టాను. కోపమెంత అని అడిగారు కదా. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. రిజిస్టర్డు పోస్టు రసీదు మాత్రం నా దగ్గర ఉంచకుండా ఆయనే పర్సులో పెట్టుకున్నారు.

మీ మరదలు

జనవరి 22

మరదలా,

ఆ కాగితాన్ని మా సంఘం అధ్యక్షుడికి ఒక్కడికే ఇచ్చి ఊరుకుంటే మాయమవుతుందని, ప్రతులు తీసి కమిటీలో ఐదుగురికీ, నల్లోడిలాగే ఆ తొమ్మిదిలో దూరిన మిగతా మూడు దొంగ సర్టిఫికెట్ల కుక్కల యజమానులకీ పంపించాను. ఆ ముగ్గురూ వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. ఖాళీ ఫారం కథ అరగంట కూడా నిలబడలేదు.

మీ డాక్టరు అనారోగ్య కారణాల వల్ల జడ్జీ పదవికీ, శాఖకీ రాజీనామా చేశాడు. వంగి వంగి పళ్ళు చూడ్డం వల్ల నడుం నొప్పట. వీడ్కోలు సభలో అధ్యక్షుడు ఆయన నిజాయితీ గురించి ముప్పావుగంట మాట్లాడాడు. బహుమతిగా ఇచ్చిన కప్పు నేను తుడిచిందే. బాగా తుడవలేదు. మర్నాడు నన్ను మళ్ళీ పాత కుర్చీలో కూర్చోబెట్టారు. క్షమాపణ లేదు. 'అంతర్గత సర్దుబాటు' అని కాగితం ఇచ్చారు.

నిన్న మధ్యాహ్నం తల ఎత్తితే బల్లకి అవతల తమ్ముడు. నల్లోడు పక్కనే. నువ్వు పంపానని నాకు రాయలేదేం?

"కొత్త సర్టిఫికెట్ తీసుకుందామని వచ్చాను" అన్నాడు.

"పోస్టులో వచ్చేదిగా."

"వచ్చేది."

చేతిలోని ముద్ర పక్కన పెట్టి అడిగేశాను. "విచారణలో నా వంక చూడనైనా చూడలేదు. అంత కోపమా?"

"కోపమెక్కడిదే? నా పిచ్చి మూలాన నీ ఉద్యోగం పోతోందని, ఏ మొహం పెట్టుకుని చూడను?" అన్నాడు. వెంటనే కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు కూడా అంతే. ఏడుపొస్తే పలక తుడిచేవాడు.

ఇకమీదట సొంత తమ్ముడి పని నేను చెయ్యకూడదని పక్క బల్ల ఆమె ముద్ర కొట్టింది. తల్లి తెలియదు, తండ్రి తెలియదు, పద్నాలుగు గళ్ళలోనూ అడ్డగీతలు. వాడు అది కూడా మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

ఇంతలో వరసలో ఉన్న పెద్దమనిషి ఒకాయన నల్లోణ్ణి చూసి ఆగిపోయాడు. చేతిలో తన కుక్క కాగితం, పద్నాలుగు పేర్లతో. "ఏం కుక్కండీ! ఏ వంశం?" అన్నాడు.

"తెలియదండీ."

"చెప్పడం ఇష్టం లేదా? మా ఆడకుక్కకి సరిగ్గా ఇలాంటిదే వెతుకుతున్నాను. తాత పేరైనా చెప్పండి."

"నిజంగా తెలియదండీ. మీ ముత్తాతగారి పేరేమిటి?"

ఎగతాళికి కాదు, వాడు మామూలుగానే అడిగాడు. ఆయన నోరు తెరిచాడు. పైకప్పు వంక చూశాడు. చేతిలోని కాగితం వంక చూసుకున్నాడు, అందులో ఉంటుందేమో అన్నట్టు. వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు.

మా ఇంటికి వచ్చి భోజనం చేస్తుంటే నేనన్నాను, "పాపం ఆయన్ని అలా అడిగావేమిట్రా. ఇంతకీ మన ముత్తాత పేరేమిటి?"

వాడు ముద్ద పట్టుకుని ఆలోచించాడు. నేనూ ఆలోచించాను. నాన్న పేరు, తాత పేరు, ఆ పైన ఇద్దరికీ శూన్యం. ఇరవై ఐదేళ్ళుగా ఊళ్ళో కుక్కలన్నిటి ముత్తాతల్నీ రాసినదాన్ని! వాడు నవ్వడం మొదలుపెట్టాడు, నాకూ ఆగలేదు. నల్లోడు లేచి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

రేపు ఉదయం బండికి బయల్దేరతారు. నాలుగు రోజులు ఉండమంటే, నల్లోడికి పార్లర్ వెనక గుమ్మం లేకపోతే తోచదు అన్నాడు. అంటే ఆ పది నిమిషాల సంగతి వాడికి మొదటి నుంచీ తెలుసు.

వదిన